గీకేసిన స్తంభం

పోయిన వారం ఇంజనీరమ్మను మనం బ్లేడు బాబాయ్ ఇంటి మెట్ల మీద వదిలేసి వచ్చాం. వారం నుంచీ పాపం అక్కడే నిలబడి ఉందనుకుని నన్ను తిట్టుకోకండి. ఆమె గడియారంలో గడిచింది అర నిమిషమే. ఆ అర నిమిషంలో ఆమె మనసులో తిరిగినవన్నీ రాయాలంటే నాకు రెండు వారాలు పడుతుంది. కాబట్టి అసలు సంగతి మాత్రం గుర్తు చేసి ముందుకు వెళ్తాను.

ఊరి నడిబొడ్డున నలభై ఎనిమిదేళ్ళుగా నిలబడ్డ పెద్ద కొట్టును అమ్మేశారు. ఆదివారం సాయంత్రం తలుపులు మూస్తారు, ఆ తర్వాత కూలగొడతారు. దాన్ని గీసింది ఇంజనీరమ్మ తండ్రి. ఊరంతా గీతల మాస్టారని పిలిచే మనిషి. ఆ భవనాన్ని కాపాడాలని కూతురు ఎనిమిది నెలల పాటు ఎక్కని ఆఫీసు లేదు, పట్టుకోని గడ్డం లేదు. ఓడిపోయింది. చివరికి దక్కింది ఒక్కటే. హాలు మధ్యలో రిబ్బను చుట్ట విప్పినట్టు పైకి లేచే ఆ కాంక్రీటు మెట్లను ముక్కలుగా కోసి, తండ్రి ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పిన కాలేజీ ఆవరణలో మళ్ళీ నిలబెట్టుకోవడానికి కొత్త యజమానులు ఒప్పుకున్నారు. ఈ సంగతి తండ్రికి చెప్పలేదు. మెట్లు నిలబెట్టాక చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాలని ఆమె ముచ్చట.

గురువారం సాయంత్రం ఆమె సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది రెండే వాక్యాలు: ‘ఈ మెట్లు అలంకారానికి మాత్రమే. భవనం బరువేదీ వీటి మీద లేదు.’ అంతకు వారం ముందు ఇంకో చిన్న కాగితం మీద కూడా సంతకం పెట్టింది గానీ, అది ముందు మూల ఉన్న అద్దాల షోకేసు ఊడదీయడానికి. సోమవారం దాన్ని ఊడదీసి, ఆ మూల ప్లైవుడ్ షీట్లు కొట్టేశారు. దాని సంగతి ఆమెకిప్పుడు గుర్తు కూడా లేదు. సంతకం పెట్టి బయటికొస్తుంటే కొట్టు వాచ్‌మన్, “మంగళవారం నుంచి ఈ తలుపు పట్టేస్తోందమ్మా, భుజం పెట్టి తోయాల్సొస్తోంది,” అని గునిశాడు. “చెక్క తలుపు కదా, చెమ్మకి ఉబ్బుంటుందిలే,” అనేసి ఆటో ఎక్కింది. మెట్ల వార్త శుక్రవారం పేపర్లో వచ్చింది. అది చదివి బ్లేడు బాబాయ్ ఫోన్ చేశాడు. “ఫోన్లో చెప్పేది కాదు పాపా, ఉన్నపళంగా రా,” అన్నాడు.

అదీ సంగతి. ఇప్పుడు తలుపు తెరుచుకుంది.

బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు. గీతల మాస్టారి దగ్గర ముప్ఫై ఏళ్ళు భవనాల నక్షాలు గీసిన మనిషి. ఆ రోజుల్లో నక్షాలు పల్చటి ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో గీసేవారు. తప్పు పోతే రబ్బరుకు చెరగదు. సగానికి విరిచిన గడ్డం బ్లేడుతో ఇంకు పొరను గీకేయాలి. గీకిన చోట కాగితం నూగు లేస్తుంది. దాన్ని బొటనవేలి గోటితో నున్నగా రుద్దితే గానీ మళ్ళీ దాని మీద గీత నిలవదు. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన గీకిన చోట ముందు ఏముందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడని మాస్టారే అనేవారు. అందుకే బ్లేడు అన్న పేరు పెళ్ళికి ముందే వచ్చి, మనవలు పుట్టినా వదల్లేదు.

లోపలికి రమ్మని గానీ, కూర్చోమని గానీ అనలేదు బాబాయ్. గుమ్మంలోనే అడిగాడు.

“సంతకం పెట్టేశావా?”

“నిన్ననే పెట్టాను బాబాయ్. ఏమైంది?”

“దేన్ని చూసి పెట్టావు?”

“మున్సిపాలిటీలో ఉన్న నక్షా నీలం కాపీ చూసి. మెట్ల పక్కన ‘అలంకారం’ అని రాసుంది కదా. నీ చేతిరాతే.”

“నా చేతిరాతే,” అన్నాడు బాబాయ్. అని, అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

వంటింట్లోంచి పిన్ని తొంగిచూసి, మొగుడి మొహం చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఎన్నేళ్ళ కాపురమో గానీ, ఎప్పుడు పలకరించకూడదో ఆవిడకు తెలుసు. గదిలో కిటికీ పక్కన పాత నక్షాల బల్ల ఉంది, దాని మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలున్నాయి. బాబాయ్ లేచి, ఆ బట్టల్ని ఒక పక్కకు తోసి, బల్ల కింద నుంచి రేకు గొట్టం తీశాడు. అందులోంచి వచ్చిన కాగితం వయసు మీద పడి తేనె రంగుకు తిరిగింది.

“కిటికీ అద్దానికి ఆనించి పట్టుకో. పైన నువ్వు పట్టుకో, కింద నేను పట్టుకుంటా.”

పట్టుకుంది. వెనక నుంచి పదకొండు గంటల ఎండ పడుతోంది. పెద్ద కొట్టు కింది అంతస్తు మొత్తం కళ్ళ ముందు పరుచుకుంది. చిన్నప్పుడు హోంవర్కు మానేసి చూస్తూ కూర్చున్న గీతలే. గొడుగు విప్పినట్టు పైన వెడల్పయ్యే స్తంభాలు, పొడుగాటి కిటికీ పట్టీలు, వంపు తిరిగిన మూల షోకేసు, మధ్యలో మెట్లు. మెట్లు నేలను తాకే చోట, గీతల వెనక, కాగితం గుండ్రంగా పల్చబడి ఉంది. వెలుతురు అక్కడ మాత్రం కాస్త ఎక్కువగా వస్తోంది. చేత్తో తడిమితే తెలియదు, బల్ల మీద పెడితే కనబడదు. ఎండకు పెడితే తప్ప దొరకని మచ్చ.

“ఇక్కడేముండేది?”

“ఏడో పిల్లరు,” అన్నాడు బాబాయ్.

బాబాయ్ చెప్పుకుపోయాడు, ఆపితే మళ్ళీ ధైర్యం చాలదన్నట్టు.

“అప్పటికే పునాదులు వేసేశారు. ఏడో పిల్లరు పునాది కూడా పోసేశారు. అప్పుడొచ్చాడు పాత యజమాని. హాల్లో నిలబడి, ‘నడిమధ్యలో ఈ దుంగేంటండీ మాస్టారూ, తలుపు తెరవగానే నా కొట్టంతా ఒక్క చూపులో కనబడాలి,’ అన్నాడు. పర్మిషన్ వచ్చేసింది. మళ్ళీ నక్షా మార్చి పెడితే ఆర్నెల్లు. ఆహ్వాన పత్రికలు అచ్చయిపోయాయి, ప్రారంభానికి ముహూర్తం పెట్టేశారు. మాస్టారు మూడు రోజులు ఇంటికెళ్ళలేదు. మీ అమ్మ క్యారేజీ పంపేది. మూడో రోజు నన్ను పిలిచి, ‘ఏడు గీకెయ్,’ అన్నారు.”

“పిల్లరు తీసేసి… ఊరికే వదిలేశారా?”

“అంత మాటనకు!” బాబాయ్ కసిరాడు. “ఆయన అలా వదిలేసే మనిషా? పిల్లర్ని తీసెయ్యలేదు పాపా. మెట్లలోకి వంచారు. మెట్ల పిట్టగోడ మందం జానెడుండాల్సింది మూరెడు చేశారు. దాంట్లో నా బొటనవేలంత చువ్వలు వేయించారు. పైనున్న శ్లాబు వచ్చి ఆ పిట్టగోడ మీద కూర్చుంటుంది. పిట్టగోడ వచ్చి ఏడో పునాది మీద కూర్చుంటుంది. లెక్క ఎక్కడా తప్పలేదు. అందుకే నలభై ఎనిమిదేళ్ళు గీత కూడా పడలేదు.”

“మరి అలంకారం అని ఎందుకు రాయించారు?”

“బరువు మోస్తుందని రాస్తే లెక్కలు పెట్టమంటారు. లెక్కలు పెడితే పర్మిషన్ మొదటికొస్తుంది. అలంకారం అని రాస్తే ఎవడు పట్టించుకుంటాడు? ఎవడూ పట్టించుకోలేదు కూడా.”

ఇంజనీరమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. అలంకారమట! ఆ మాట వింటేనే ముక్కు విరిచే మనిషి వాళ్ళ నాన్న. తలుపు గడియకు పువ్వు చెక్కితే, “ఇదెందుకు, ఏం పని చేస్తుంది?” అని వడ్రంగిని నిలదీసేవాడు. కూతురి పెళ్ళి పందిట్లో కాగితప్పూలు పీకించబోయి భార్యతో తిట్లు తిన్నాడు. అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి ‘అలంకారం’ అని రాయిస్తే, ఇరవై ఏళ్ళుగా ఇంజనీరు ఉద్యోగం చేస్తున్న కూతురు కళ్ళు మూసుకుని నమ్మేసింది. కాగితాన్ని నమ్మింది. నాన్నను తెలిసి కూడా కాగితాన్నే నమ్మింది.

ఆమె పట్టు సడలి కాగితం కాస్త పక్కకు జరిగింది. ముందు మూల షోకేసు దగ్గర ఇంకో మచ్చ కనబడింది. ఇది నున్నగా లేదు. గీతల్లోంచి ఇంకు పాకి, సన్నటి వేళ్ళలా చుట్టూ చిమ్మింది. బాబాయ్ అంత కంగారులోనూ దాన్ని చూసి నాలుక చప్పరించాడు.

“అది నా పని కాదు. నేను గీకిన చోట ఇంకు పాకిన రోజు లేదు. ఎవడో చెమట చెయ్యి పెట్టి పాడుచేశాడు.”

ఆమె విననే లేదు. అప్పటికే ఫోన్ చెవికి ఆనించి ఉంది. మెట్లు కోసేది ఆదివారం కొట్టు మూశాకే కదా, ఇంకా రెండు రోజులుంది కదా అని తనకు తానే చెప్పుకుంటోంది. కాంట్రాక్టరు మొదటిసారి ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

“చెప్పండి మేడమ్! మిషను చప్పుడులో వినబడలేదు.”

“ఏం మిషను?”

“కట్టింగ్ మిషనండీ. క్రేను ఆదివారం దొరకదన్నారు. అందుకే ఇవాళ పొద్దున్నే మొదలెట్టేశాం. చుట్టూ తాడు కట్టి పరదాలు వేశాం, జనానికేం ఇబ్బంది లేదు. మీ కాగితం ఉందిగా.”

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. “ఆపండి. వెంటనే ఆపేయండి!”

“ఆగిపోయిందిలెండి, పావుగంట అయింది. ఎవరో పెద్దాయన వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. లేవమంటే లేవరు, ఎందుకంటే చెప్పరు. పాపం, పాత జ్ఞాపకాలేమోనని టీ తెప్పించాం.”

ఇంజనీరమ్మ బాబాయ్ వైపు చూసింది. బాబాయ్ తల దించుకున్నాడు. “నీకు ఫోన్ చేశాక ఆయనకీ చేసి మెట్ల సంగతి చెప్పాను. విన్నారు. ఒక్క మాట మాట్లాడకుండా పెట్టేశారు.”

“ఎంత కోశారు?” ఫోన్లో అడిగింది.

“ఎడం పక్క పిట్టగోడ అడుగున తెగిపోయింది. కుడి పక్క సగం. అబ్బో, చువ్వలేంటి మేడమ్ అంత లావున్నాయి? రెండు బ్లేళ్ళు అరిగిపోయాయి. అలంకారానికి అంత ఇనుమెందుకు పోశారో ఆ కట్టినాయన!”

“శ్లాబు కింద ఊతం పెట్టడానికి జాకీలున్నాయా?”

“గోడౌన్లో ఉన్నాయి. రావాలంటే గంట పడుతుంది.”

“తెప్పించండి. అన్నీ తెప్పించండి. మెట్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి. జనం ఎంతమంది ఉన్నారు?”

“ఆఖరి మూడు రోజులు కదండీ, కిటకిటలాడిపోతోంది. పై అంతస్తులు ఖాళీ చేసి సరుకంతా ఒకటో అంతస్తులోకి దించారు. బీరువాలు, ఫ్రిజ్‌లు, సోఫాలు, అన్నీ ఆ పైనే. పట్టక కొన్ని బీరువాలు కింద పక్క తలుపుకి అడ్డంగా కూడా పేర్చారు.”

ఆమె చెప్పులు వేసుకుందో లేదో ఆమెకే తెలియదు. వేసుకుందని నేను చెబుతున్నాను. బాబాయ్ వెనక నుంచి ఏదో అరిచాడు గానీ, అప్పటికి ఆమె వీధిలో ఉంది.

బాబాయ్ ఇంటి నుంచి పెద్ద కొట్టు రెండు వీధుల దూరం. నడిస్తే ఎనిమిది నిమిషాలు. ఆమె నాలుగు నిమిషాల్లో వెళ్ళింది. మలుపు తిరగగానే తెల్లటి ఆ పొడుగాటి భవనం, వరసగా కిటికీ పట్టీలు, పైన సగం ఊడిన అక్షరాలు కనబడ్డాయి. ఏ వంకరా లేకుండా, ఏ చీకూ చింతా లేనట్టు నిలబడి ఉంది. ఎనిమిది నెలలుగా దాన్ని చూసినప్పుడల్లా, ఎలా పడగొడతారు దీన్ని, అని కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. ఇవాళ దాన్ని చూస్తే భయం వేసింది. దేవుడా, ఇంకొక్క గంట నిలబెట్టు, తర్వాత నీ ఇష్టం, అనుకుంది.

ప్లైవుడ్ కొట్టిన మూల పక్కనున్న తలుపు సగమే తెరుచుకుని ఉంది. ఒక్కొక్కరే పక్కకు తిరిగి దూరి లోపలికీ బయటికీ పోతున్నారు. “చూశారా అమ్మా, ఇవాళ మరీ ఇంతే వస్తోంది,” అన్నాడు వాచ్‌మన్. ఆమె కూడా పక్కకు తిరిగి దూరింది.

లోపల ఊరు ఊరంతా ఉన్నట్టుంది. దుప్పట్లు ఎత్తి చూసేవాళ్ళు, గిన్నెలు మోగించి చూసేవాళ్ళు, ఎత్తుకోమని ఏడ్చే పిల్లలు. అమ్మకాల కౌంటరు వెనక మైకు అక్క తన తియ్యటి గొంతుతో ఒకటో అంతస్తులో సోఫాలున్నాయని, తప్పక చూడమని పిలుస్తోంది. ఇరవై ఏళ్ళుగా ఈ కొట్టులో ఆ గొంతే. పిలిచినప్పుడల్లా నలుగురైదుగురు పైకి వెళ్తున్నారు. వెనకనున్న ఇరుకు మెట్ల మీదుగా, ఒకరి వెనక ఒకరు. ఇంజనీరమ్మ నెత్తి మీద ఉన్న బరువును మనుషుల లెక్కన కొలుచుకుంటూ పరదా తొలగించింది.

నాన్న ఏడో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, జేబులో పెన్ను, ఒళ్ళో రెండు చేతులు. పక్కన టీ గ్లాసు నిండుగా అలాగే ఉంది. ఆయన జుట్టు ఇంత తెల్లగా ఎప్పుడైపోయిందా అనుకుంది. తర్వాత చూస్తే అది జుట్టు కాదు, సున్నం పొడి. పైనుంచి, శ్లాబు మెట్లను కలిసే చోటు నుంచి, సన్నగా రాలుతోంది. కింద పిట్టగోడలో కోసిన గాటు నల్లగా నోరు తెరుచుకుని ఉంది. లోపల తెగిన చువ్వల చివర్లు కొత్తగా మెరుస్తున్నాయి.

కాంట్రాక్టరు ఏదో అనబోయాడు. ఆమె చేత్తోనే వారించింది.

“నాన్నా, లే. బయటికి పద.”

“నేను లేస్తే వీళ్ళు కోస్తారు.”

“కోయరు. ఆపించేశాను. బాబాయ్ అంతా చెప్పాడు. ఎండకు పెట్టి చూపించాడు.”

మాస్టారి మొహంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. తన బూట్ల వైపు చూసుకుంటూ అడిగాడు.

“కోయమని సంతకం పెట్టింది నువ్వేనా?”

“నేనే. నీకు చెప్పకుండా చేద్దామనుకున్నాను. కాలేజీలో నిలబెట్టి చూపిద్దామని.”

“నన్ను ఒక్క మాట అడిగుంటే…”

“అడిగితే చెప్పేవాడివా?”

ఎనిమిది నెలలు ఆమె ఈ భవనం కోసం తిరుగుతుంటే, ఆయన ఒక్క సభకు రాలేదు, ఒక్క కాగితం బయటికి తీయలేదు. మొహమాటమనుకుంది, గర్వమనుకుంది. పాత నక్షాలు నలుగురి ముందుకూ వస్తాయని భయమని ఇప్పుడు అర్థమైంది. కోపం రావాలి. రాలేదు. ఆయన తెల్ల చొక్కా మీద సున్నం పొడి పడుతుంటే, చిన్నపిల్లాడిని పట్టుకున్నట్టు పట్టుకోవాలనిపించింది. కానీ అంత తీరిక లేదు.

“నాన్నా, జనాన్ని పంపించేయాలి. అందర్నీ. ఇప్పుడే.”

“పంపించు.” ఆయన గొంతు తగ్గించాడు. “గ్యాస్ వాసన వస్తోందని చెప్పు. పది నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది.”

ఆ మాట ఆమెకు తట్టలేదని కాదు. వీధిలో పరిగెత్తేటప్పుడే తట్టింది. గ్యాస్ అంటే అందరూ పోతారు. నాన్న పేరు నాన్నకుంటుంది. బయట గోడ మీద ఉన్న రాతిపలక మీద ఆయన పేరు చెక్కుచెదరదు. ఆయన దగ్గర చదువుకుని ఊరూరా ఇళ్ళు కడుతున్న వందలమంది ఆయన ఫొటో గోడకు అలాగే ఉంచుకుంటారు. ఎంత హాయి! కానీ అరగంట పోతే వాసన లేదని తేలుతుంది. మేనేజరు మళ్ళీ తలుపులు తెరుస్తాడు. కాంట్రాక్టరు చేతిలో ‘బరువేదీ లేదు’ అన్న కాగితం అలాగే ఉంటుంది, కింద తన సంతకంతో.

“అబద్ధం చెబితే మళ్ళీ లోపలికొస్తారు నాన్నా.”

“అమ్మడూ…” అన్నాడు. అంతే అనగలిగాడు. ఎనభై రెండేళ్ళ మనిషి కూతుర్ని బతిమాలడం అదే మొదటిసారి.

అయినా ఆమె వెనక్కి తిరిగింది. పరదా తీసి, జనంలోంచి తోసుకుంటూ కౌంటరు దగ్గరకెళ్ళి, మైకు అక్క చేతిలోంచి మైకు తీసుకుంది. అక్క “ఏమండీ!” అనబోయి, ఆమె మొహం చూసి నోరు మూసుకుంది.

“అందరూ వినండి. నేను ఇంజనీర్ని. మధ్యలో ఉన్న మెట్లను కోయొచ్చని నిన్న సంతకం పెట్టింది నేనే. అది తప్పు. ఈ శ్లాబు బరువు ఆ మెట్లే మోస్తున్నాయి. కాగితాల్లో అలా లేదు. దీన్ని కట్టింది మా నాన్న. ఒక పిల్లరు తీసి మెట్లలో దాచారు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మెట్లు సగం తెగి ఉన్నాయి. చేతిలో ఉన్నవి అక్కడే వదిలేయండి. పైనున్నవాళ్ళు వెనక మెట్ల మీదుగా దిగండి. పరిగెత్తొద్దు, తోసుకోవద్దు. పిల్లల చెయ్యి పట్టుకుని మెల్లగా బయటికెళ్ళండి.”

ఎక్కడో ఒక గిన్నె కింద పడింది. దాంతో అందరూ ఒక్కసారి కదిలారు. మైకు అక్క మైకు వెనక్కి తీసుకుని, సోఫాలకు పిలిచిన ఆ గొంతుతోనే, “నెమ్మదిగా రండమ్మా, నెమ్మదిగా, తలుపు ఎదురుగానే ఉంది,” అనడం మొదలెట్టింది. ఆ గొంతు విని జనం నిజంగానే నెమ్మదించారు. వెనక మెట్ల మీదుగా వరసగా దిగుతున్నారు. మేనేజరు ఏదో కేకలేస్తూ వచ్చి, నెత్తి మీద పొడి రాలేసరికి, మిగతావాళ్ళతో పాటే తలుపు వైపు తిరిగాడు. ఇంజనీరమ్మ ఊపిరి పీల్చుకుంది. పొద్దుటి నుంచి అదే మొదటిసారి. చెప్పేసింది. అయిపోయింది. నాన్న ఇక తనతో మాట్లాడకపోతే మాట్లాడకపోయాడు.

పరదా వెనక్కి వచ్చింది. మాస్టారు లేచి నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళల్లో కోపం ఉంటుందనుకుంది. లేదు. ఆయన ఆమెను చూడ్డమే లేదు. ఆమె భుజం మీదుగా, జనం కదులుతున్న వైపు, ముందు మూల వైపు చూస్తున్నాడు.

“ఆ మూల చెక్కలేంటి?” అన్నాడు. “అక్కడుండాల్సిన షోకేసేది?”

“సోమవారం తీసేశారు. అద్దాలు పగులుతాయని ముందే…”

“ఫ్రేము కూడానా? మధ్యలో ఇత్తడి తొడుగేసిన కమ్మీ ఉండాలి. అది కూడానా?”

“అన్నీ తీసేశారు నాన్నా. దానికీ నేనే సంతకం…”

మాస్టారు పిట్టగోడ పట్టుకున్నాడు.

“ఒక పిల్లరు అన్నావు మైకులో. ఒకటే అని ఎవరు చెప్పారు?”

“బాబాయ్.”

“వాడికి తెలిసింది ఒకటే. రెండోది ఆ కమ్మీలో దాచాను. అది గీకిన రోజు వాడు సెలవు. వాడికి కూతురు పుట్టింది. నేనే గీకాను.” ఆయన తన బొటనవేలు ఎత్తి, దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూసుకున్నాడు. “గోటితో రుద్దడం నాకెప్పుడూ చేతకాలేదు. ఇంకు పాకింది.”

తేనె రంగు కాగితం మీద, షోకేసు మూల, చుట్టూ చిమ్మిన ఇంకు ఆమె కళ్ళ ముందుకు వచ్చింది. బాబాయ్ నాలుక చప్పరించిన చప్పుడు ఇప్పుడు వినబడింది. సోమవారం ఆ కమ్మీ తీశారు. మంగళవారం నుంచి తలుపు పడుతోంది. చెమ్మ కాదు, ఏమీ కాదు. పైనున్న శ్లాబు దిగి తలుపు చట్రం మీద కూర్చుంటోంది. దాచిన రెండు పిల్లర్లలో ఒకటి సోమవారమే పోయింది, రెండోది ఇప్పుడు సగం తెగింది. ఆ మూల కిందకే, పక్క తలుపుకు బీరువాలు అడ్డమున్న కొట్టులో ఉన్న ఒకే ఒక్క దారికే, పిల్లల చెయ్యి పట్టుకుని మెల్లగా వెళ్ళమని అందర్నీ తనే పంపింది.

ఆమె గిర్రున తిరిగింది. జనం తలల మీదుగా, మైకు అక్క తియ్యటి గొంతును దాటుకుని, ముందు నుంచి వాచ్‌మన్ కేక వినబడింది.

“అమ్మా! తలుపు పట్టేసింది! ఎంత తోసినా రావట్లేదు!”